మోటారు బ్రేకులు, వాని మొరలు

దేవాలయ రథమును కదలించుట వందలాది భక్తుల చేతుల పని. దానిని ఆపుట మాత్రము చక్రముల ప్రక్కన నడచు నలుగురైదుగురి పని. మోకులు పట్టి లాగువారి ఉత్సాహమునకు లోబడి రథము వీధి మలుపును సమీపించునప్పుడు, వీరు అదను చూచి కొయ్య దిమ్మను చక్రము క్రిందికి నెట్టుదురు. చక్రము ఆ దిమ్మపైకి కొంత ఎగబ్రాకి, దానిని నలిపి, నిలిచిపోవును, లేదా వారు కోరిన దిక్కునకు ఒరిగి దారి మార్చుకొనును. ఒక్క ఉత్సవములోనే దిమ్మలు పగులును, చీలును, పిప్పియగును. పగిలిన దానిని ప్రక్కకు విసరి వేరొక దానిని అందుకొందురు. ఆపు సాధనము బండికి వెలుపల, మనుష్యుని చేతిలోనే యున్నది గనుక దాని బాగోగులను గూర్చి ఎవ్వరును ఎవ్వరినీ అడుగవలసిన పని లేదు.

మన పల్లెల ఎద్దుబండికి సైతము మైదాన ప్రాంతములలో బ్రేకు అను ప్రత్యేకావయవము చాలకాలము అక్కరకు రాలేదు. పగ్గములు బిగబట్టినచో ఎద్దులే ఆగును. అవి ఆగినచో బండి ఆగును. ఏటవాలు దారులు గల చోట్ల మాత్రము చక్రములకు అడ్డముగా ఒక కర్రను కట్టి, త్రాటితో దానిని ఇనుప పట్టాలకు ఒరయునట్లు బిగించుట కలదు. ఆ కర్ర అరిగినచో కంటికి కనబడును, త్రాడు సాగినచో చేతికి తెలియును, ఒరపిడి చప్పుడు ఊరంతకును వినబడును. ఆపు సాధనమునకు ఏ లోపము కలిగినను తోలువానికి తెలియకుండుట అసంభవము. మోటారు బండి పుట్టిన పిదప ఈ తెలివిడి క్రమక్రమముగా మనుష్యుని ఇంద్రియములకు దూరమైనది. బ్రేకు ఎంత బలపడెనో దాని అరుగుదల అంత నిశ్శబ్దమై, అంత చీకటిలో జరుగసాగెను. ఆ నిశ్శబ్దముచేత ఏదో విధముగ పలికింపవలెనను ప్రయాసయే నా దృష్టిలో బ్రేకు చరిత్రలో ముఖ్యభాగము. వేగము పెరిగిన కథను చెప్పినవారు పెక్కండ్రు గలరు గాని, ఈ ప్రయాసను చెప్పినవారు అరుదు.

1888వ సంవత్సరము ఆగస్టు మాసములో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను గృహిణి, తన భర్త కార్ల్ బెంజ్ నిర్మించిన మూడు చక్రముల మోటారు బండిని, అతనికి ముందుగా తెలుపకయే, ఇద్దరు కుమారులను వెంటబెట్టుకొని మాన్‌హైమ్ నగరము నుండి ఫోర్జ్‌హైమ్‌లోని పుట్టింటికి నడిపించుకొని పోయెను. దూరము సుమారు 100 కిలోమీటర్లు. ఇంధనము చాలక వీస్లోఖ్ గ్రామములోని ఔషధాలయమున కొనుట, మూసుకొనిపోయిన గొట్టమును టోపీకి పెట్టుకొను సూదితో శుభ్రపరచుట మొదలగు సంగతులు ఈ ప్రయాణమును గూర్చి తరచుగా చెప్పుదురు. నాకు వానికంటె విలువైనదిగా తోచు సంగతి వేరొకటి కలదు. ఆ బండికి బ్రేకు అనగా చక్రమునకు ఒత్తుకొను కొయ్య దిమ్మ. గుట్టలు దిగి దిగి ఆ దిమ్మలు అరిగి పట్టు తప్పుచుండగా ఆమె గ్రహించి, దారిలో ఒక చర్మకారుని అంగడి యొద్ద ఆగి, దిమ్మలపై తోలుముక్కలు కొట్టించెను. తరువాతి కాలమున లైనింగు అని పిలువబడిన వస్తువునకు ఇదియే ఆదియని చరిత్రకారులు చెప్పుదురు. ఇందు యంత్రకల్పన కంటె ముందు జరిగినది రోగనిర్ణయము. బండి ఆగుట ఆలస్యమగుచున్నదని, అది బాట దోషము గాక దిమ్మ దోషమని, ఇంకను దిగవలసిన గుట్టలు మిగిలియున్నవని ఆమె దారిలోనే తెలిసికొని, ప్రమాదము రాకముందే బండి నిలిపినది. మోటారు యుగములో మొదటి దూరప్రయాణమునందే మొదటి బ్రేకు పరీక్షయు జరిగినదన్నమాట.

ఆ తరువాత పది సంవత్సరములు గడువకమునుపే ఇంగ్లండులోని డెర్బీషైరు కొండసీమలో హెర్బర్టు ఫ్రూడ్ అను నతడు ఇట్టి సమస్యనే మరియొక దిక్కునుండి చూచెను. అక్కడి బండివాండ్రు నిటారు దారులను దిగునప్పుడు బ్రేకు దిమ్మకును చక్రమునకును నడుమ పాత బూటును ఇరికించుట అతని కంట బడినదని ప్రతీతి. 1897 ప్రాంతమున అతడు ప్రయోగములు మొదలుపెట్టి, నూలు, వెండ్రుకలు మున్నగువానిని జిగురుపదార్థములలో నానబెట్టి గట్టిపరచి, ఒరపిడికి తగిన పట్టీలను తయారుచేసెను. తన పేరులోని అక్షరములను అటునిటు మార్చి, ఒక అక్షరము చేర్చి, ఫెరోడో అను వ్యాపారనామమును కల్పించెను. 1908 నాటికి ఆ పట్టీలలో ఆస్‌బెస్టాసు నార ప్రవేశించినది. ఈ లైనింగు పట్టీ తక్కిన యంత్రభాగములవంటిది కాదు. ఇరుసు, పళ్లచక్రము, ముషలకము మొదలగునవి అరుగకుండుటకై చేయబడినవి. లైనింగు మాత్రము అరుగుటకొరకే చేయబడినది. అది తన్ను తాను కోలుపోవుచు చక్రమును నిలుపును. కనుక బ్రేకు చెడునా అను ప్రశ్నకు ఇక చోటు లేదు. ఎప్పటికి చెడును, ఎట్లు తెలియును అను రెండు ప్రశ్నలే మిగిలినవి.

రెండవ ప్రశ్న డ్రమ్ము బ్రేకుతో కఠినమైనది. 1902లో ఫ్రాన్సు దేశస్థుడైన లూయీ రెనో ప్రచారమునకు తెచ్చిన పద్ధతిలో, చక్రముతో కూడ తిరుగు పెద్ద గిన్నెవంటి డ్రమ్ము లోపల, అర్ధచంద్రాకారమున రెండు షూలు అమరియుండి, పెడలు తొక్కినంతనే వెలుపలికి విచ్చుకొని డ్రమ్ము గోడకు ఒత్తుకొనును. వానకును బురదకును అందని చోట భద్రముగా నుండుట దీని గుణము. కంటికి కనబడకుండుట దీని దోషము. అరుగుదల డ్రమ్ము చీకటిలో దాగినది. లైనింగును షూకు బిగించిన రాగి లేక ఇత్తడి రివిట్లు, పట్టీ అరిగిపోయిన పిదప డ్రమ్మును గీరి కర్ణకఠోరమైన ధ్వని చేయును. అట్టి ధ్వని కలుగవలెనని ఎవ్వరును ఉద్దేశింపలేదు గాని, కొన్ని దశాబ్దముల పాటు లోకమునకు అదియే ప్రధానమైన హెచ్చరిక. ఆ హెచ్చరిక వినబడునప్పటికి డ్రమ్ము గోడపై చాళ్లు పడియుండుటయు సామాన్యమే.

ఆ కాలపు కార్లలో బ్రేకులు వెనుక చక్రములకే ఉండెడివి. 1908 మొదలు 1927 వరకు కోటిన్నర సంఖ్యలో తయారైన ఫోర్డు మోడల్-టి కారునందు పాదముతో తొక్కు బ్రేకు చక్రములపై గాక గేరుపెట్టెలోని పట్టీపై పనిచేసెడిది. అది అరిగి జారినప్పుడు రివర్సు పెడలును తొక్కి బండి నాపిన ఘనులు అనేకులు. నాలుగు చక్రములకును బ్రేకులు వచ్చిన పిదప కొత్త చిక్కొకటి ఏర్పడెను. కడ్డీలతోను తీగలతోను నడచు ఆ పద్ధతిలో ఒక కడ్డీ వెంట్రుకవాసి సాగినను ఒక చక్రము ముందుగా పట్టును, మరియొకటి ఆలస్యముగా పట్టును. పెడలు తొక్కినంతనే బండి ఎక్కువగా పట్టిన ప్రక్కకు లాగును. స్టీరింగు చేతిలో తిరుగబడుటచే తెలియు ఈ లక్షణము నేటికిని అట్లే నిలిచియున్నది, కారణములు మాత్రము మారినవి: ఒక ప్రక్క లైనింగుకు నూనె అంటియుండవచ్చును, ఒక ప్రక్క సిలిండరు బిగుసుకొనియుండవచ్చును. బండి ఒక ప్రక్కకు లాగినచో లోపము ఆ ప్రక్కనే యున్నదనుకొనుట సహజము గాని సత్యము కాకపోవచ్చును; రెండవ ప్రక్క బ్రేకు పనిచేయకుండుటవలన పనిచేయు ప్రక్కకు లాగుటయే ఎక్కువ.

కడ్డీల అసమానతకు మందు ద్రవములో దొరికినది. మూయబడిన పాత్రలోని ద్రవముపై ఒకచోట కలిగించిన ఒత్తిడి అన్ని దిక్కులకును సమముగా ప్రసరించునని పదునేడవ శతాబ్దమున పాస్కల్ చెప్పిన సూత్రమును, మాల్కమ్ లాక్‌హీడ్ అను అమెరికా దేశస్థుడు 1917 ప్రాంతమున మోటారు బ్రేకునకు అన్వయించెను. 1921లో డ్యూసెన్‌బర్గ్ కార్లకును, 1924లో క్రైస్లర్ కార్లకును నాలుగు చక్రములందు ఈ పద్ధతి అమర్చబడినది. ఉక్కు కడ్డీని తప్ప నీటివంటి వస్తువును నమ్మజాలని హెన్రీ ఫోర్డు 1939 వరకును దీనిని తన కార్లకు రానీయలేదు. ఆ ద్రవము ఏదియని అడిగినచో తెలుగువానికి చిరునవ్వు వచ్చును: తొలినాటి బ్రేకు నూనెలలో ముఖ్యమైనది ఆముదము, దానిని పలుచబరచుటకు ఆల్కహాలు. రబ్బరును చెరుపకుండుట ఆముదమునకు గల గుణము; భూమినుండి తీసిన నూనెలు ఆ రబ్బరు వాషర్లను ఉబ్బజేసి పాడుచేయును. నల్లగొండ, మహబూబ్‌నగరు ప్రాంతముల ఎఱ్ఱనేలలలో పండు గింజనుండి తీసిన నూనె ఒకనాడు బండియిరుసు కందెనలో నుండెను, మరియొకనాడు దాని జాతి నూనెయే కారు నాపుటకు పనికివచ్చెను.

ఈ ద్రవము రాకతో పెడలునకు ఒక భాష ఏర్పడినది. నాలుగు చక్రముల సంగతియు ఒక్క పాదము క్రిందికి వచ్చి చేరినది. పెడలు మునుపటికంటె లోతుగా దిగి, రెండుమూడు మారులు తొక్కిన పిదప పైకి లేచి గట్టిపడినచో, డ్రమ్ముల లోపల లైనింగు అరిగి షూలు దూరమైనవని అర్థము. సర్దుబాటు చేయవలెను, లేదా పట్టీ మార్చవలెను. తొక్కినప్పుడు మెత్తగా, లోపల ఏదో నొక్కుకొనుచున్నట్లు తోచినచో గొట్టములలో గాలి చేరినదని అర్థము. ద్రవము కుదింపబడదు, గాలి కుదింపబడును, తొక్కిన బలమంతయు ఆ బుడగను నొక్కుటకే వ్యయమగును. కూడలియొద్ద బండి నిలిపి పెడలుపై పాదముంచియుండగా, అది ఎవరును చూడనట్లు మెల్లగా నేలకు దిగిపోవుచున్నచో, పెడలు ఒత్తిడిని ద్రవమునకు అందించు మాస్టరు సిలిండరులోని వాషరు పట్టు విడిచినది, లేదా ఎచ్చటనో నూనె కారుచున్నది. ఈ మూడవదానిని నేను అన్నింటికంటె భయంకరమైనదిగా తలచెదను. ఏలయన మాస్టరు సిలిండరు లోలోపలనే వాషరు జారినప్పుడు వెలుపల ఒక్క చుక్కయు కానరాదు, గట్టిగా ఒక్కసారి తొక్కినచో బ్రేకు బాగుగనే పట్టును, మెల్లగా ఒత్తిపట్టినప్పుడే దాని గుట్టు బయటపడును. చక్రము లోపలి అంచున తడి కనబడుట, పుల్లని వాసన గల జిడ్డు టైరుకు అంటుట, సీసాలో నూనె మాటిమాటికి తగ్గుట ఇవన్నియు దాని బంధువులే.

ఆముదము తరువాత వచ్చిన గ్లైకాలు నూనెలు వేడికి ఎక్కువగా తాళును గాని, వానికి వేరొక బలహీనత కలదు: అవి గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్-3 అని వ్యవహరింపబడు నూనె కొత్తగా నున్నప్పుడు 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకును మరుగరాదని నియమము. తేమ పీల్చిన పిదప అది 140 డిగ్రీలకే మరుగవచ్చును. మరిగిన నూనెలో ఆవిరిబుడగలు పుట్టును, బుడగలు పుట్టినచో పెడలు నేలకు దిగును, చల్లారినంతనే అంతయు యథాపూర్వముగ నుండును. రెండేండ్లకొకమారు నూనె మార్చుమని చెప్పుట వర్తకుల దురాశయేయని తలచువారు ఈ సంగతిని ఎరుగరు.

తెలుగునాట పరిస్థితి ఎట్లుండెనో చూతము. 1932 జూన్ మాసములో నిజాము ప్రభుత్వ రైల్వేకు అనుబంధముగా హైదరాబాదు సంస్థానమున 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో ప్రయాణిక సేవ ప్రారంభమైనది. స్కాట్లండునుండి వచ్చిన ఆల్బియన్ బస్సులు ఆ తొలిదినములకు చిహ్నములు. కోస్తాలోను రాయలసీమలోను ప్రయివేటు బస్సులవారు, లారీలవారు క్రమముగా పెరిగిరి. ఈ భారవాహనములకు కాలక్రమమున గాలి బ్రేకులు వచ్చినవి. రైలుబండికై జార్జి వెస్టింగ్‌హౌస్ 1869లో తొలుత కల్పించి, 1872లో సవరించిన గాలి బ్రేకులో ఒక అపూర్వమైన ఆలోచన కలదు: గొట్టము తెగి గాలి పోయినచో బండి ఆగిపోవునే గాని పరుగెత్తదు. వైఫల్యమే హెచ్చరికయై, హెచ్చరికయే రక్షణయైన అట్టి ఏర్పాటు చిన్నకార్లకు నేటికిని లేదు. నూనె బ్రేకు కారినచో బండి తనంతట తానాగదు. అందుచేతనే కారునందు లక్షణములను కనిపెట్టు భారము నడుపువానిమీదనే పడినది.

మన ప్రాంతమున ఆ భారమును అందరికంటె బాగుగా నేర్పిన బడి తిరుమల కొండదారి. మెట్లదారినో డోలీనో తప్ప వేరుగతి లేని యాత్రికులకు 1944లో మొదటి ఘాటురోడ్డు తెరువబడెను. 1974లో రెండవ దారి ఏర్పడిన పిదప ఎక్కువారు కొత్తదారిని, దిగువారు హెయిర్‌పిన్ మలుపులు దండిగా గల పాతదారిని పట్టుట ఆచారమైనది. తిరుపతికిని తిరుమలకును ఎత్తులో భేదము సుమారు 700 మీటర్లు. పది టన్నుల బస్సు అంత ఎత్తునుండి దిగునప్పుడు, బ్రేకులే సమస్తమును భరింపవలసివచ్చినచో, వానిలో పుట్టు వేడి 200 లీటర్లకు మించిన చన్నీటిని మరిగించుటకు చాలును, లెక్కవేసి చూచుకొనవచ్చును. ఆ వేడికి లైనింగులోని జిగురు కాలి ఆవిరులు పుట్టి, పట్టీకిని డ్రమ్మునకును నడుమ చేరి ఒరపిడిని తగ్గించును. ఇనుప డ్రమ్మును వేడికి వ్యాకోచించి షూలకు దూరముగా జరుగును. తొక్కిన కొలది పెడలు దిగును, బండి ఆగదు. దీనికి ముందుగా వచ్చు దూత వాసన. చింతగింజలు మాడినట్లుండు ఆ ఘాటైన వాసన ముక్కునకు తగిలినంతనే అనుభవజ్ఞుడైన డ్రైవరు బండిని ప్రక్కకు తీసి చల్లార్చును. అంతకంటె అనుభవజ్ఞుడు కొండపైననే చిన్నగేరు వేసి ఇంజనుచేతనే బండిని బిగబట్టించి ఆ వాసన పుట్టనీయడు. ఎక్కిన గేరులోనే దిగుమను పాతకాలపు డ్రైవర్ల సూత్రము దీనికి సంబంధించినదే. దిగుదారిపై కనీసకాలమును నియమించి, అంతకు ముందుగా క్రింది గేటు చేరినవానికి జరిమానా విధించు దేవస్థానమువారి పద్ధతిలో గల వివేకము భౌతికశాస్త్రమునకు దగ్గర చుట్టము.

ఇక షెడ్డుల సంగతి. బెజవాడ ఆటోనగరు, హైదరాబాదు, విశాఖపట్టణము మొదలగుచోట్ల మెకానిక్కు విద్య పుస్తకములలో పుట్టినది కాదు. గురువు చేతినుండి శిష్యుని చేతికి, చాలమారులు తిట్లతో కూడ, సంక్రమించినది. 1957లో కలకత్తా సమీపమున ఉత్తరపారాలో తయారగుట మొదలుపెట్టిన అంబాసిడరు కారు, బొంబాయి ఫియట్టు, ఈ రెండును డ్రమ్ము బ్రేకుల బండ్లే గనుక మూడు దశాబ్దములపాటు ఆ విద్య ఒక్కతీరున సాగినది. కారు వచ్చి నిలిచినంతనే మేస్త్రీ మొదట యజమాని చెప్పునది వినును, విని నమ్మడు. తానే ఎక్కి తొక్కిచూచును. తరువాత నాలుగు చక్రములను జాకీపై లేపి చేతితో త్రిప్పును: తేలికగా తిరుగక గీరుచున్న చక్రమున షూ పట్టియున్నది. నాలుగు మలుపుల ప్రయాణము చేసి వచ్చి డ్రమ్ముల దగ్గరగా అరచేయి ఆనించును: తక్కినవానికంటె ఒకటి మిక్కిలి వేడిగా నున్నచో అది పట్టివేసినదని, చల్లగా నున్నచో అది పనిచేయుటయే లేదని ఆ అరచేతికి తెలియును. ఆయుర్వేద వైద్యుని నాడీపరీక్షకు యంత్రలోకమున ఇంతకంటె దగ్గరైన దానిని నేనెరుగను.

రోగము తెలిసిన పిదప చికిత్స. పాత పట్టీని తొలగించి షూపై కొత్త లైనింగును రివిట్లతో కొట్టుట, చాళ్లుపడిన డ్రమ్మును లేతుపై త్రిప్పి నునుపుచేయుట, వాషర్లు మార్చుట, చివరకు గాలి తీయుట. ఈ గాలితీత ఇద్దరి పని. కుఱ్ఱవాడొకడు లోపల కూర్చుండి పెడలు తొక్కుచుండగా, మేస్త్రీ చక్రము ప్రక్కన పండుకొని నిప్పిలును విప్పుచు బిగించుచు, "తొక్కరా, తొక్కరా, పట్టుకో, వదలకు" అని కేక వేయును. సన్నని గొట్టమునుండి బుడగలతో కూడిన నూనె సీసాలోనికి చిమ్మి, బుడగలు నిలిచిపోయినంతనే పని ముగియును. మాస్టరు సిలిండరునకు దూరమైన చక్రముతో ప్రారంభించి దగ్గరి దానితో ముగించుట అక్కడి సంప్రదాయము. డ్రమ్మును లేతుపై ఎన్నిమార్లు త్రిప్పవచ్చునను విషయములో మాత్రము మన షెడ్డులవారు కొంత సాహసికులే. డ్రమ్మునకు గరిష్ఠ వ్యాసమును తయారీదారులు నిర్ణయించియుండగా, దానిని దాటిన పలుచని డ్రమ్ములు కొండదారులలో పగిలిన ఉదంతములు వినబడకపోలేదు.

ఆ షెడ్డులలో మరియొక దుఃఖము కూడ దాగియుండెను. డ్రమ్ము విప్పినంతనే లోపలి బూడిదరంగు ధూళిని గాలిగొట్టముతో ఊదివేయుట అందరి అలవాటు. ఆ ధూళిలో ఆస్‌బెస్టాసు కలదని, అది ఊపిరితిత్తులలో చేరి ఏండ్ల తరువాత మారకవ్యాధులను కలిగించునని వైద్యులు నిర్ధారించిన పిదప, 1999లో బ్రిటను దానిని నిషేధించినది, ఐరోపాలోని కొన్ని ఇతర దేశములు అంతకు ముందే నిషేధించియుండెను. బండి బాగోగులను చేతితోను ముక్కుతోను కనిపెట్టినవారికే ఆ బండి హాని చేసినదని తలచినప్పుడు మనస్సు కలుక్కుమనును.

చక్రముతో కూడ తిరుగు పళ్లెమును ఇరుప్రక్కల ప్యాడులతో నొక్కిపట్టు డిస్కు బ్రేకు పుట్టుకయు పాతదే. ఇంగ్లండు దేశస్థుడైన ఫ్రెడరిక్ లాంచెస్టరు 1902లోనే దానికి పేటెంటు పొందెను గాని, ఒరపిడికి ఆతడు వాడిన రాగి త్వరగా అరిగి, భరింపరాని కూత పెట్టుటచే అది ప్రజాదరణ పొందలేదు. అర్ధశతాబ్ది గడచిన పిదప, 1953లో లె మాన్ పందెమున డన్‌లప్ డిస్కులు గల జాగ్వారు కార్లు విజయము పొందినవి. 1955లో సిట్రోయెన్ డి.ఎస్. కారుతో సామాన్యులకును డిస్కు అందుబాటులోనికి వచ్చెను. మన దేశమున 1983 డిసెంబరులో మొదటి మారుతి వెలువడిన తరువాతి సంవత్సరములలో ముందు చక్రములకు డిస్కులుండుట క్రమముగా సామాన్యమైనది. గాలికి తెరవబడియుండుటచే డిస్కు త్వరగా చల్లారును. చక్రపు కన్నములనుండి తొంగిచూచినచో దానిని కన్నులార చూడవచ్చును. అయినను డ్రమ్ము నేర్పిన పాఠములు నేర్చిన పాదము ఇక్కడ మోసపోయినది. డిస్కునందు ప్యాడు అరిగిన కొలది, దానిని ఒత్తు కాలిపరులోని ముషలకము తనంతట తానే ముందుకు జరిగి ఆ లోటును పూడ్చును. పెడలు ఎత్తు మారదు, పాదమునకు ఏమియు తెలియదు. తగ్గునది సీసాలోని నూనె మాత్రమే. ఎచ్చటను కారుట కనబడకయే నూనెమట్టము మెల్లగా దిగుచున్నచో ప్యాడులు పలుచబడినవని గ్రహింపవలెను. అది తెలియక, తగ్గినంత నింపి సంతుష్టి చెందు యజమాని తన చేతులతోనే ఆ హెచ్చరికను చెరిపివేసికొనుచున్నాడు.

పాదము మూగవోయినందున చెవికి పని కల్పింపవలసివచ్చెను. కొత్తగా నున్నప్పుడు పది పన్నెండు మిల్లీమీటర్ల మందముండు ప్యాడు రెండు మూడు మిల్లీమీటర్లకు చేరునప్పటికి, దాని అంచున అమర్చిన చిన్న ఉక్కుముక్క డిస్కునకు తగిలి సన్నగా కీచుమనునట్లు ఏర్పాటు చేసిరి. రివిట్ల గీరుడు యాదృచ్ఛికము. ఈ కీచుధ్వని బుద్ధిపూర్వకము. చెడిపోవుటకు ముందు కూయుమని యంత్రమునకు నేర్పుట మానవుని చమత్కారములలో చిన్నది గాదు. అయితే మన నగరములలో అద్దములు పైకెత్తి, పాటలు పెట్టుకొని ప్రయాణము చేయువారికి ఆ కూత వినబడుటయే దుర్లభము. వారికి వినబడునది తరువాతి ధ్వని, ప్యాడు పూర్తిగా పోయి దాని ఇనుపపలక డిస్కును నమలునప్పటి గరగర. అప్పటికి ఖర్చు ప్యాడులతో పోదు. వర్షమున తడిసి రాత్రి నిలిచిన కారు ఉదయము మొదటి రెండుమూడు తొక్కులకు గీరుమనుట మాత్రము రోగము కాదు. డిస్కుపై పట్టిన పలుచని త్రుప్పు తుడిచికొనిపోవు చప్పుడది. తొక్కినప్పుడు స్టీరింగు వణకినచో డిస్కు వంగినదని మెకానిక్కులు చెప్పుట వాడుక. నిజమునకు చాలచోట్ల అది వంపు గాక, డిస్కు మందములో చోటుచోటునకు ఏర్పడిన అతిస్వల్పమైన భేదము.

తరువాతి కల్పనలు పాదమును మరింత గారాబము చేసినవి. 1920ల చివరిభాగమున బెల్జియమునందు ఆల్బర్ట్ డెవాండ్ర్ రూపొందించిన శూన్యసహాయక పద్ధతి, ఇంజను పీల్పును వాడుకొని తొక్కుడు బలమును హెచ్చించును. కాలక్రమమున అది సామాన్యకార్లకును వచ్చినది. పెడలు అకస్మాత్తుగా రాయివలె గట్టిపడినచో ఆ సహాయము పోయినదని అర్థము. దీనికి షెడ్డులలో సులభమైన పరీక్ష కలదు: ఇంజను ఆపి పెడలును నాలుగైదు మార్లు తొక్కి, గట్టిపడిన పిదప పాదము నట్లే యుంచి ఇంజను నడిపించినచో, పెడలు కొంచెము క్రిందికి దిగవలెను; దిగనిచో లోపమున్నది. 1978లో బాష్ సంస్థ మెర్సిడెస్ కార్లకు అందించిన ఏ.బి.ఎస్. మరియొక విచిత్రమును తెచ్చినది. తడిదారిపై బలముగా తొక్కినప్పుడు పెడలు పాదము క్రింద దడదడ కొట్టుకొనును. కొత్తవాడు బెదరి పాదము తీసివేయును. పాతకాలపు బండిలో అట్టి కంపనము రోగము, ఈ బండిలో అది ఆరోగ్యము. చక్రములు బిగుసుకొని జారకుండ యంత్రము చేయు పని అది. అప్పుడు పాదమును ఇంకను గట్టిగా నొక్కిపట్టవలెను.

బ్రేకు పరీక్ష విషయమున చట్టము ఆలస్యముగానైనను మేల్కొన్నది. 1939 మోటారు వాహనముల చట్టము కిరాయిబండ్లకు యోగ్యతాపత్రమును విధించి, బ్రేకు పరీక్షను అధికారి కర్తవ్యముగా చేసెను. సొంతకార్ల యజమానులు మాత్రము చాలవరకు తమ వివేకమునకే విడువబడిరి.

ఇప్పుడు విద్యుత్కార్లు వచ్చినవి. వానియందు పాదమెత్తినంతనే మోటారు జనకయంత్రమై, బండి వేగమును విద్యుత్తుగా మార్చి బ్యాటరీకి పంపును. ఒరపిడి బ్రేకునకు పని చాల తగ్గెను. ప్యాడులు ఏండ్ల తరబడి అరుగకుండుట చూచి యజమానులు సంతోషింతురు గాని, పనిలేని డిస్కుపై త్రుప్పు పేరుకొనును, కాలిపరు కదలక బిగుసుకొనును, అవసరమైన క్షణమున ఒక ప్రక్క పట్టి ఒక ప్రక్క పట్టకపోవును. అరుగుదలకు చెవియొగ్గి నేర్చిన లక్షణములేవియు దీనికి పనికిరావు. ఇక్కడ కీచుధ్వని లేదు, మట్టము దిగదు. సముద్రతీర నగరములలో ఈ బాధ హెచ్చు. అప్పుడప్పుడు ఖాళీదారిలో బలముగా తొక్కి డిస్కులను ఒరపించుడని, సంవత్సరమునకొకమారైనను చక్రములు విప్పి చూడుడని తయారీదారులే చెప్పవలసివచ్చుచున్నది. ఈ చిక్కునుండి తప్పించుకొనుటకే కాబోలు, ఫోక్స్‌వాగన్ వారు తమ ఐ.డి.3 అను విద్యుత్కారు వెనుక చక్రములకు, వానకును త్రుప్పునకును అందని పాత డ్రమ్ము బ్రేకులనే మరల అమర్చిరి.